బంపరు మీద లోడన్న

మా షెడ్డులో బరువు తూచే కాటా లేదు. లోడన్న ఉన్నాడు.

జీపుల్ని తెచ్చి, పాత స్ప్రింగులు పీకి పొడుగువి బిగించి, పెద్ద పెద్ద టైర్లు తొడిగి, రాళ్ళలో గుట్టల్లో తిరిగే బండ్లుగా మార్చడం మా పని. మార్చేశాం కదా అని తాళాలు చేతిలో పెట్టేయడానికి లేదు. చక్రం గుంటలో పడితే ఎంత కిందికి జారుతుందో, బండరాయి ఎక్కితే ఎంత పైకి లేస్తుందో చూడాలి. అలా లేచినప్పుడు టైరు పోయి మడ్‌గార్డుకు గీసుకుంటుందా, జారినప్పుడు ఏదైనా బిగుసుకుంటుందా అన్నది కూడా చూడాలి.

దీనికో పద్ధతుంది. స్ప్రింగు ఉండగా చక్రం కింద జాకీ వేస్తే చక్రం లేవదు, బండే లేస్తుంది. అందుకని బండిని స్టాండుల మీద నిలబెట్టి, స్ప్రింగులు ఊడదీసి, అప్పుడు ఒకడు జాకీతో చక్రాన్ని ఎత్తి దించుతుంటే, ఒకడు స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతుంటే, ఇంకొకడు కింద పడుకుని ఎక్కడ ఏది తగులుతోందో చూడాలి. మా ఫిట్టరు చేరిన రోజు నుంచి ఇదే చెబుతున్నాడు. ఓనరు వింటూనే ఉన్నాడు. వినడంలో ఆయన ఎవరికీ లోటు చెయ్యడు.

ఓనరు పద్ధతి వేరే. స్ప్రింగులు ఊడదీసి మళ్ళీ బిగించాలంటే పూటంతా పోతుంది. లోడన్నను బంపరెక్కిస్తే టీ చల్లారేలోపు తేలిపోతుంది. ఒక చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కిస్తాం. మడ్‌గార్డు లోపల సుద్దపొడి పూస్తాం. లోడన్న వచ్చి ఆ మూల బంపరు మీద నిలబడి ఊగుతాడు. బండి ముక్కు నేలకేసి వంగుతుంది, టైరు మడ్‌గార్డులోకి దూరుతుంది. సుద్ద చెరిగితే తగిలినట్టు, చెరగకపోతే బండి పాసైనట్టు.

పోను పోను మా షెడ్డులో లెక్కలన్నీ లోడన్న మీదే నడవడం మొదలైంది. లోడన్న ఎక్కితే బెత్తెడు దిగింది, స్ప్రింగు బాగుంది. జానెడు దిగింది, మెత్తగా ఉంది, మార్చాలి. స్ప్రింగులమ్మే కొట్టతనికి ఓనరు ఫోను చేసి, ముందువైపుకి ఒక లోడన్నను మోసేవి, వెనకవైపుకి లోడన్నతోపాటు ఫిట్టరును కూడా మోసేవి పంపించమనేవాడు. విచిత్రమేమిటంటే అతను సరిగ్గా అవే పంపించేవాడు.

లోడన్న నాకు తోడల్లుడు. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు. నాకంటే చిన్నవాడే అయినా షెడ్డులో అందరూ లోడన్న అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఇంట్లో మాత్రం తమ్ముడూ అంటాను, అతను అన్నయ్యా అంటాడు.

పాపం, ఆ ఒళ్ళు అతనికి చిన్నప్పటి నుంచి శత్రువే. బళ్ళో బెంచీ అటువైపు తేలిపోతోందని పంతులుగారు నేల మీద కూర్చోబెట్టేవారట. కాస్త ఎదిగాక బట్టల కొట్లో చేరితే, బీరువాల సందులో అతను నిలబడ్డాడంటే అటు కొనేవాళ్ళు ఇటు రావడానికి లేదు. కాపలా పనికి చేరితే మొదటి వారంలోనే ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు చాపేసింది. రంగులేసే మేస్త్రి దగ్గర చేరితే, నిచ్చెన కింద పట్టుకోమనేవాడే గానీ ఎక్కనిచ్చేవాడు కాదు. ఎక్కడికి పోయినా నాలుగు రోజులు నవ్వి, అయిదో రోజు చేతులు దులుపుకునేవాళ్ళు. మా మరదలు ఏడ్చి మొత్తుకుంటే నేనే ఓనరు కాళ్ళావేళ్ళా పడి, ఊడ్చే పనికి తెచ్చి పెట్టాను.

చేరిన రోజే జరిగిందది. దిమ్మె ఎక్కించిన జీపొకటి ముక్కు పైకెత్తుకుని నిలబడిపోయింది. ఓనరు, ఫిట్టరు, నేను, ఆ బండాయన, నలుగురం వేలాడినా వంగలేదు. లోడన్న చీపురు పట్టుకుని ఇటుగా వస్తూ, ఊడ్చడానికి అడ్డంగా ఉందని బంపరు మీద ఒక చెయ్యి వేసి ఆనుకున్నాడు. బండి బుద్ధిగా తలొంచింది. ఓనరు అతనికేసి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. నుయ్యి తవ్వుతుంటే లంకెబిందె తగిలినవాడి చూపు. ఆ రోజు నుంచి లోడన్న బంపరెక్కాడు. చీపురు నాకొచ్చింది.

నేను వెల్డింగు చేస్తాను, కటింగు చేస్తాను, ఎవరూ చెయ్యనిది ఏముంటే అది చేస్తాను. నా పేరు ఏ బండాయనకూ తెలియదు. లోడన్న పేరు తెలియని బండాయన లేడు. పరీక్ష ఉన్న రోజున అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు. నడుం మీద చేతులు పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏ మూల ముందెక్కాలో అతనే చెప్పేవాడు. అందులో విషయమేమీ లేదు, ఏ మూలైనా ఒకటే. కానీ జీవితంలో మొదటిసారి తన ఒంటిని చూసి ఎవరూ నవ్వకుండా, చేతులు కట్టుకుని నిలబడి, ఫలితం ఏమొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. అది వదులుకోవడం ఎవరి తరం?

మా దగ్గరికొచ్చే వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆదివారం ఆదివారం కలుస్తారు. ఒక్కొక్క బండి పైన పార, గడ్డపార, తాడు, నూనె డబ్బా కట్టుకుని వస్తారు. పార మీద కొట్టువాడు అంటించిన చీటీ అలాగే ఉంటుంది. బండికి ఊరికే బురద అంటదు కాబట్టి, ఒకాయన మా షెడ్డు వెనక నీళ్ళు పోసి కలిపించుకుని అక్కడ రెండు చుట్లు తిప్పుకుపోయేవాడు. ఆ బురద కలపడం కూడా నా పనే.

వాళ్ళందరికీ పెద్ద, కంట్రాక్టరు. ఆయన రోడ్లు వేస్తాడు. ఆయన వేసిన రోడ్ల మీద తిరగాలంటే ఎంత ఎత్తు బండి కావాలో ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు. కొత్త జీపు తెచ్చి, ఇంత లావు టైర్లుండాలి, నేను కూర్చుంటే లారీవాడు కూడా నాకేసి తలెత్తి చూడాలి అని చెప్పిపోయాడు. మేం ఎత్తుతూ పోయాం. చివరికి వాళ్ళావిడ ఎక్కడానికి ముక్కాలి పీట వేయాల్సినంత ఎత్తయింది. ఆయన ఆనందానికి హద్దు లేదు.

ఆ బండి రావడానికి కొన్ని నెలల ముందే లోడన్నకు మోకాళ్ళు పోయాయి.

బంపరు ఎక్కేటప్పుడు తుప్పు పట్టిన తలుపు తీసినట్టు చప్పుడు. దిగాక కాసేపు దేన్నో పట్టుకుని నిలబడిపోయేవాడు. మా మరదలు డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన మోకాళ్ళ ఫొటో తీయించి వెలుతురుకు పెట్టి చూసి, ఈ ఒళ్ళు సగానికి దించకపోతే ఏడాది తిరిగేలోపు మంచం మీదే అన్నీ అని చెప్పాడట. మంచం కూడా గట్టిది చూసుకోమన్నాడట.

అంతే, మా మరదలు ఇంట్లో అన్నం గిన్నె చిన్నది చేసింది. ఉప్పు లేదు, నూనె లేదు, ఉడకబెట్టిన ముక్కలు. రెండోసారి అడిగితే నీళ్ళ చెంబు ముందుకు జరిపేది. అతను మా ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర ఏదైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూసేవాడు. అక్కాచెల్లెళ్ళు ముందే మాట్లాడుకున్నారు. మా ఇంట్లోనూ చెంబే జరిగేది.

నెలలు గడిచేసరికి మనిషి దిగడం మొదలైంది. మెడ బయటపడింది. బెల్టుకు కొత్త చిల్లులు కావాల్సి వచ్చాయి, మా షెడ్డు డ్రిల్లు మిషనుతోనే వేసుకున్నాడు. మోకాళ్ళ చప్పుడు తగ్గింది. పక్కవీధి దాకా నడుస్తున్నాడని మా మరదలు సంబరపడింది. కానీ అతని ముఖంలో మాత్రం సంబరం లేదు. బంపరెక్కితే బెత్తెడు దిగాల్సిన బండి మూడు వేళ్ళే దిగుతోంది.

ఈ సంగతి మొదట పైకి అన్నది ఫిట్టరే. అందరి ముందూ ఓనరుతో, అన్న బాగా తగ్గాడు, ఇక ఆయన్ని నమ్ముకుంటే కొంప మునుగుతుంది అన్నాడు. ఓనరు దిగిన బండిని కొలిచి, స్ప్రింగును వేలితో మీటి చూసి, ఈ మధ్య వచ్చే ఇనుము గట్టిగా ఉంటోందిరా అన్నాడు. మనిషి వయసొచ్చేకొద్దీ పెరుగుతాడే గానీ తగ్గడమేమిటని ఆయన వాదన. తన ముందే నిలబడ్డ లోడన్నను మాత్రం ఆయన చూడలేదు. గోడకు మేకు ఉందని తెలిశాక మళ్ళీ మళ్ళీ ఎవరు చూస్తారు?

లోడన్నకు మాత్రం ఆ మాట రాయిలా పడింది. ఈసారికి ఇనుము మీదికి పోయింది, పైసారి తన మీదికి వస్తుంది. వస్తే పని ఉండదు. బంపరు పోతే మళ్ళీ ఏ కొట్టు సందులో ఇరుక్కోవాలి? పోనీ మళ్ళీ తిని పెరుగుదామంటే కాళ్ళుండవు.

కంట్రాక్టరు బండి పరీక్ష ఆదివారం పెట్టారు. సంఘమంతా వచ్చింది. లోడన్న పొద్దున్నే వచ్చి పాత సామాన్ల డబ్బా దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. లేచి వచ్చేటప్పుడు ఇస్త్రీ చొక్కా, కింద ఉబ్బెత్తుగా ప్యాంటు. నడుస్తుంటే వంటపాత్రల బండి పోతున్నట్టు చప్పుడు. నేను ఏమిట్రా ఇది అన్నట్టు చూస్తే, ఊరుకో అన్నట్టు చూశాడు.

సుద్ద పూశాం. దిమ్మె ఎక్కించాం. లోడన్న బంపరెక్కి ఊగాడు. రెండోసారి ఊగాడు. మూడోసారికి ప్యాంటు జేబులు రెండూ కుట్లు విప్పేశాయి. నట్లు, బోల్టులు, వాషర్లు జలజలమని బండి కింద కురిశాయి. ఒక నట్టు దొర్లుకుంటూ పోయి సరిగ్గా కంట్రాక్టరు బూటు దగ్గర ఆగింది.

కంట్రాక్టరు వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవన్నీ నా బండివేనా?" అన్నాడు.

ఓనరు పాతికేళ్ళుగా బండాయనల మధ్య బతికిన మనిషి. ఒక బోల్టు తీసి వెలుతురులో తిప్పి చూసి, నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు.

"అక్కర్లేనివి సార్. కంపెనీవాళ్ళు ఊరికే పెట్టేస్తారు. ఇలా దులిపితే రాలిపోతాయి."

సంఘంవాళ్ళు తలలాడించారు. ఇద్దరు, తమ బండ్లను కూడా పై వారం దులపమని ఓనరును పక్కకు పిలిచి అడిగారు. ఫిట్టరు మాత్రం తలపట్టుకుని, బండిలో ఉన్న ప్రతి నట్టూ స్పానరు పెట్టి చూశాడు. ఒక్కటీ తక్కువ లేదు. సుద్ద చెరగలేదు. బండి పాస్. కంట్రాక్టరు చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు.

వాళ్ళు పోయాక లోడన్న ఆ నట్లు ఏరుతున్నాడు. వంగడం కష్టంగా ఉంటే నేను కూడా కూర్చుని ఏరాను. చిరిగిన జేబులోంచి తొడ కనిపిస్తోంది, అదీ మునుపటిలా లేదు. ఇనుమెందుకురా వేసుకున్నావని అడిగితే, చేతిలో ఉన్న నట్టును ఒక బోల్టుకు ఎక్కించి బిగించాడు.

"తగ్గిపోతే నన్నేమని పిలుస్తారన్నయ్యా?" అన్నాడు.

నన్ను ఏమనీ పిలవరు, అయినా బతుకుతున్నాను అందామనుకుని, అది ఓదార్పు కాదని మళ్ళీ నట్లు ఏరుతూ పోయాను.

ఆ వారంలోనే కంట్రాక్టరు ఇంటికి అత్తగారు వచ్చింది. అల్లుడి బండి చూపించాలి కదా. పీట వేసి ఆవిణ్ణి ఎక్కించారు. పక్కన భార్య, వెనక ఇద్దరు బావమరదులు, స్టీరింగు దగ్గర కంట్రాక్టరే. ఆ కుటుంబంలో ఎవరికీ ఉడకబెట్టిన ముక్కల అలవాటు ఉన్నట్టు లేదు. బండి గేటు దాటి, వీధి చివర మలుపు తిరుగుతూ గుంటలో దిగింది. ఆ రోడ్డు వేసింది ఆయనే. స్టీరింగు తిప్పి ఉండగా చక్రం ఒక్కసారిగా పైకి లేచి, టైరు మడ్‌గార్డును పట్టుకుని కొరికింది. రేకు కాగితంలా చిరిగి టైరులో ఇరుక్కుంది. స్టీరింగు ఇక అటూ తిరగదు, ఇటూ తిరగదు. బండి వీధికి అడ్డంగా నిలబడిపోయింది.

మగవాళ్ళు దూకేశారు. భార్య ఎలాగో వేలాడి దిగింది. అత్తగారు దిగాలంటే పీట కావాలి, పీట ఇంటి దగ్గరుండిపోయింది. అది వచ్చేదాకా ఆవిడ అంత ఎత్తున ఒక్కతే కూర్చుని, అల్లుడికేసి చూడకుండా ఆకాశం చూస్తూ ఉందట. ఈలోగా వీధివాళ్ళు పోగై, బండి సంగతి వదిలేసి, ఈ గుంట ఎప్పుడు పూడుస్తారని ఆయన్ని నిలదీశారట. ఇవన్నీ బండిని షెడ్డుకు లాక్కొచ్చిన కంట్రాక్టరు డ్రైవరు చెప్పాడు. చెబుతూ మధ్య మధ్య మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు.

కంట్రాక్టరు వచ్చి షెడ్డు ఎగిరిపోయేలా అరిచాడు. ఓనరు ముందు టైరు కంపెనీని తిట్టాడు. తర్వాత రేకును తిట్టాడు. ఆ తర్వాత, అత్తగారు వస్తున్నట్టు ముందే చెబితే స్ప్రింగు దానికి తగ్గట్టు వేసేవాళ్ళం కదా సార్ అని చిన్నగా అని చూశాడు, ఆయన చూపు చూసి మానేశాడు. అప్పుడు ఫిట్టరు మళ్ళీ చెప్పాడు. సుద్ద చెరగకపోవడానికి కారణం బండి బాగుండడం కాదు, టైరు అంత పైకి రానేలేదు, అన్న సగం మనిషయ్యాడు అని.

ఓనరు అప్పుడు లోడన్నను చూశాడు. ఎన్నాళ్ళకో చూశాడు. చుట్టూ తిరిగాడు. బెల్టు పట్టుకుని లాగి, చిల్లులన్నీ చూశాడు.

"షెడ్డు సామాను ఇలా పాడైపోతుంటే ఒక్కడూ చెప్పడేంరా?" అన్నాడు మాకేసి తిరిగి.

తీర్పు కూడా అక్కడికక్కడే ఇచ్చాడు. పాత బరువు రావాలి. రాకపోతే రానక్కర్లేదు. తన వంతు ఖర్చు తను పెట్టుకుంటానని, మర్నాటి నుంచి వాళ్ళింటి నుంచే నాలుగు గిన్నెల క్యారేజీ పంపించాడు. ఓనరు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, జాకీలో నూనె పోసేటప్పుడు చూసినంత శ్రద్ధగా చూస్తుంటే, లోడన్న తిన్నాడు. ఎన్నో నెలల ఆకలి. తింటుంటే ముందు ముఖం వెలిగింది, నాలుగో గిన్నె దగ్గరికొచ్చేసరికి ఆరిపోయింది. రోజూ అలాగే జరిగింది. వారం తిరగకుండానే మోకాళ్ళు మళ్ళీ ఉబ్బాయి. ఇంటికి నా భుజం పట్టుకుని నడిచాడు.

మర్నాడు మా మరదలు వచ్చింది. షెడ్డు గడప ఎప్పుడూ తొక్కని మనిషి. కడిగిన క్యారేజీ తెచ్చి కంట్రాక్టరు బండి బానెట్టు మీద టకీమని పెట్టింది. లోడన్న వెనక నిలబడి నేలకేసి చూస్తున్నాడు.

"మీ గిన్నెలు తెచ్చానండీ," అంది ఓనరుతో. "ఈయన మోకాళ్ళు మీ బండికి విడిభాగాలు కావు."

ఓనరు ఆడవాళ్ళతో గట్టిగా మాట్లాడలేడు. అటూ ఇటూ చూసి, అది కాదమ్మా, బరువు లేకపోతే నాకు ఆయనతో పనేముంది చెప్పు అన్నాడు.

"ఏం పనుందో మీరే చూసుకోండి. ఊడవమంటే ఊడుస్తాడు. బంపరు మాత్రం ఎక్కడు."

చీపురు మాట వినగానే నాకు కాస్త ఆశ పుట్టింది. ఊడ్చేవాడున్నాడమ్మా అని ఓనరు నాకేసి చెయ్యి చూపించాడు. ఆశ పోయింది. మా మరదలు నాకేసి తిరిగి, నువ్వేమంటావు బావా అంది. ఓనరు ముందు నేను ఏమీ అనలేనని దానికి తెలుసు. అయినా నోరు వచ్చింది. వాడు మంచమెక్కితే మోయడానికి నలుగురం సరిపోమండీ అన్నాను. ఓనరు ఆ నలుగురిలో తనను కూడా లెక్కపెట్టుకున్నట్టున్నాడు, కొంచెం మెత్తబడ్డాడు. మెత్తబడి కూడా, మరి పనేముందో చెప్పండి అన్నాడు.

సరిగ్గా అప్పుడే కంట్రాక్టరు దిగాడు. ఈసారి అరవలేదు, అది ఇంకా భయంగా ఉంది. అత్తగారు ఇంకా ఇంట్లోనే ఉందని, ఆవిడ మళ్ళీ ఆ బండెక్కి తిన్నగా దిగేదాకా తనకు ఇంట్లో మాట చెల్లదని, అందుకని తన కళ్ళ ముందే పరీక్ష చెయ్యమని చెప్పాడు. ఊగడాలు, దులపడాలు వద్దన్నాడు. ఓనరు మా అందరి ముఖాలూ చూశాడు. ఫిట్టరు స్పానరు చేతిలోకి తీసుకున్నాడు. ఓనరు తల పంకించి, ఆ ఆలోచన తనదే అయినట్టు, స్ప్రింగులు ఊడదీయండిరా అన్నాడు.

ఇరుక్కున్న రేకు ముందే కోసేశాను. స్టాండులు వేశాం. స్ప్రింగులు ఊడాయి. జాకీ ఇంకొకరి చేతికివ్వడానికి ఫిట్టరు ఒప్పుకోలేదు. కంట్రాక్టరు చూస్తున్నాడు కాబట్టి స్టీరింగు దగ్గర ఓనరే కూర్చున్నాడు. ఊడిన ఇరుసు పక్కకు జరగకుండా నేను గడ్డపార ఆనించి పట్టుకున్నాను. కింద చూసేవాడు లేడు. కంట్రాక్టరు డ్రైవరును అడిగితే తెల్ల చొక్కా చూపించాడు. గడ్డపార వదిలేసి నన్ను పొమ్మంటే ఇరుసు జరిగిపోతుంది.

ఇంతలో చూస్తే, బండి పక్కన ఒక జత చెప్పులు విడిచి ఉన్నాయి. లోడన్న నేల మీద వెల్లకిలా పడుకుని చక్రాల పలక వీపు కిందికి లాక్కుంటున్నాడు.

ఇన్నేళ్ళలో అతను ఒక్క బండి కిందికీ పోలేదు. పట్టడు. ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. చక్రం సంగతి మరిచిపోయి అందరం అతనికేసే చూశాం. మా మరదలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తల పోయింది. భుజాలు పోయాయి. పొట్ట దగ్గరికొచ్చేసరికి కిందికి దిగి ఉన్న ఇరుసు తగిలింది. ఆగాడు. ఊపిరంతా వదిలాడు. టప్పుమని చొక్కా గుండీ ఒకటి ఎగిరింది. మనిషి లోపలికి జారిపోయాడు.

ఫిట్టరు అలవాటు కొద్దీ వంగి, ఎంత ఖాళీ ఉందన్నా అని అడిగాడు. రెండు వేళ్ళు అని లోపలి నుంచి జవాబొచ్చింది. స్టీరింగు దగ్గర నుంచి ఓనరు పాస్ అన్నాడు, తనకే తెలియకుండా.

ఫిట్టరు స్టాండులు ఇంకోసారి తన్ని చూసుకుని జాకీ మొదలుపెట్టాడు. చక్రం కొద్దికొద్దిగా లేస్తోంది. ఓనరు ఆ కొసకు తిప్పాడు, ఈ కొసకు తిప్పాడు. కింద చప్పుడు లేదు. కంట్రాక్టరు, ఏమయ్యా నిద్రపోయావా అన్నాడు.

"ఆపండి. టైరొచ్చి రేకుకు ఆనింది. ఇంకా పైకి పోవాలని చూస్తోంది."

పైకి పోకుండా ఆపాల్సిన రబ్బరు దిమ్మ దాకా ఇంకా ఎంతో దూరముంది. ఫిట్టరు పళ్ళు నూరుకుని, ఇప్పుడు కిందికి దించుతున్నానన్నాడు. దించాడు. చక్రం వేలాడే దాకా దించాడు.

"ఇక్కడేదో నల్ల గొట్టం బిగుసుకుపోయింది. బట్టలారేసే తీగలా ఉంది," అన్నాడు లోడన్న.

"అది బ్రేకు పైపన్నా," అన్నాడు ఫిట్టరు.

"ఓహో. ఇది తెగితే ఏమవుతుంది?"

కంట్రాక్టరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ రోజు గుంట ఇంకాస్త లోతుగా వేసి ఉంటే ఏమయ్యేదో ఆయనకే తెలియాలి. మోకాళ్ళ మీద వంగి, ఖరీదైన ప్యాంటు నూనెలో ఆనుతున్నా చూసుకోకుండా, ఇంకేం కనబడుతోందయ్యా అని అడిగాడు. ఓనరును కాదు, లోడన్నను. లోడన్నకు కింద ఉన్న ఒక్క వస్తువు పేరూ తెలియదు. వంకర కడ్డీ అన్నాడు, పెద్ద ఉల్లిపాయలాంటిది అన్నాడు. అతను చెప్పిన ప్రతిదానికీ ఫిట్టరు పేరు చెబుతూ పోయాడు. రెండోసారి చక్రం ఎత్తేటప్పటికి ఆ పేర్లే తిరిగి వినిపించాయి, కొన్ని తప్పుగా.

తర్వాత, చక్రం అంత పైకి రాకుండా రబ్బరు దిమ్మ కింద మందమైన ఇనుప పలక వేశాను. రేకు ఇంకా కోసి మడిచాను. ఫిట్టరు పొడుగు పైపు వేశాడు. స్ప్రింగులు బిగించాక బరువు పెట్టి చూడాలన్నప్పుడు కంట్రాక్టరు తనే ఫోను చేశాడు. బావమరదులొచ్చారు, భార్య వచ్చింది, పీటతో సహా అత్తగారొచ్చింది. దిమ్మె ఎక్కించి దించాం. ఎక్కడా తగల్లేదు. ఆవిడ మెల్లగా దిగి, అల్లుడికేసి చూసి, ఇప్పుడు బాగుంది బాబూ అంది. కంట్రాక్టరు మళ్ళీ మనిషయ్యాడు.

అందరూ పోయాక ఓనరు లోడన్నను పిలిచాడు. ముఖమంతా నల్లగా, గుండీ లేని చొక్కాలోంచి పొట్ట కనబడుతూ వచ్చి నిలబడ్డాడు. రేపట్నుంచి కింద పని చూసుకో అన్నాడు ఓనరు. ఒకటే షరతు. ఆదివారాలు సంఘంవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి బంపరెక్కి ఊగాలి. వాళ్ళకు అది చూడకపోతే పరీక్ష జరిగినట్టుండదు.

లోడన్న గుమ్మం దగ్గర నిలబడ్డ మా మరదలికేసి చూడలేదు. ఓనరుకేసే చూశాడు.

"ఎక్కనండీ. కిందైతే పడుకుని చేసే పని. మోకాళ్ళతో పనుండదు."

అనేసి, పక్కనున్న ఇంకో బండి కిందికి పలక జరుపుకుంటూ పోయాడు. దాన్ని ఎవరూ చూడమనలేదు. పాదాలు రెండూ మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఓనరు వాటికేసి కాసేపు చూశాడు. ఇంతలో సంఘంవాళ్ళెవరో ఫోను చేశారు. ఆయన గొంతు సవరించుకుని, మా దగ్గర మొదట్నుంచీ స్ప్రింగులు ఊడదీసే చూస్తామండీ అని చెప్పడం మొదలుపెట్టాడు. ఫిట్టరు స్పానర్లు తుడుచుకుంటున్నాడు. నేను చీపురు తీసుకున్నాను.